ముందు తొక్కే పని

తార్నాక ఫ్లైఓవర్‌ను కొండగా లెక్కగట్టిన మనుషులం బహుశా మేమిద్దరమే. హబ్సిగూడ వైపు నుంచి ఎక్కితే అది మూడో తరగతి కొండ, మెట్టుగూడ వైపు నుంచి ఎదురుగాలిలో ఎక్కితే రెండో తరగతి. ఫ్రాన్స్‌లో సైకిల్ పందెం జరిగేటప్పుడు కొండలకు కష్టాన్ని బట్టి తరగతులు ఇస్తారని, అంకె తగ్గేకొద్దీ కష్టం పెరుగుతుందని టీవీలో చూసి నేర్చుకున్నాం. వాళ్లకు మంచు కప్పిన కొండలున్నాయి, మాకు కింద కూరగాయల బళ్లున్న ఫ్లైఓవర్ ఉంది. ఎవరికి ఏది ఉంటే వాళ్లు దాన్నే ఎక్కాలి.

ఎక్కేది నా స్నేహితురాలు. నేను మోపెడ్ మీద ముందు వెళ్లేదాన్ని. ఆమెది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె, యూనివర్సిటీలో వ్యాయామ విద్య చదువుతూ లేడీస్ హాస్టల్‌లో ఉండేది, సైకిల్ రేసుల్లో తొక్కేది. నేను అదే యూనివర్సిటీలో చరిత్రలో ఎం.ఫిల్ చేస్తున్నానని చెప్పుకుంటూ లైబ్రరీలో ఫ్యాన్ బాగా తిరిగే బల్ల దగ్గర కూర్చునేదాన్ని. మాది తెనాలి దగ్గర నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. అమ్మ మిషన్ స్కూల్లో టీచర్, నాన్న కాచిగూడలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. మాది తెనాలి అని చెబితే క్యాంపస్‌లో చాలా సంభాషణలు అక్కడితో ఆగిపోయేవి. ఈమెతో మాత్రం అక్కడే మొదలైంది, ఎందుకంటే ఆమెకు నా ఊరితో పనిలేదు, నా బండితో పని.

"అక్కా, నీ బండి మస్తు మెల్లగ పోతది" అంది మొదటిరోజు, లైబ్రరీ ముందు నన్ను ఆపి.

నాకు ఒళ్లు మండింది. అది పొగడ్త అని తర్వాత తెలిసింది. సైకిల్ రేసులవాళ్లు మోపెడ్ వెనకాల, చక్రానికి చక్రం ఆనుకునేంత దగ్గరగా తొక్కుతూ సాధన చేస్తారట. గాలి ముందున్న బండికి కొడుతుంది, వెనకున్న మనిషి వేగం అలవాటు చేసుకుంటుంది. బండి మరీ జోరుగా పోకూడదు, దాని మీద కూర్చున్నవాళ్లు ఉన్నట్టుండి బ్రేకు వేయకూడదు. మా నాన్న నాకు బండి నేర్పినప్పుడు బ్రేకు గురించి సరిగా చెప్పలేదు కాబట్టి రెండో అర్హత కూడా నాకు ఉంది.

అట్లా మొదలైంది. మామూలు రోజుల్లో తార్నాక చౌరస్తాలో సైకిల్ తొక్కడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అందుకని మేం బంద్ కోసం ఎదురుచూసేవాళ్లం. బంద్ పిలుపు వస్తే మా వీధిలో జనం ముందురోజే పాలు, ఉల్లిగడ్డలు తెచ్చిపెట్టుకునేవారు. మేం టైర్లలో గాలి కొట్టించుకునేవాళ్లం. పై దేశాల్లో సైకిల్ పందేల కోసం ప్రభుత్వమే రోడ్లు ఖాళీ చేయిస్తుంది. మాకు ఆ పని నాయకులు ఉచితంగా చేసి పెట్టారు.

ఖాళీ రోడ్డు అంటే పూర్తిగా ఖాళీ కాదు. క్యాంపస్ గేటు దగ్గర ఒకవైపు విద్యార్థులు, ఇంకోవైపు ముళ్లకంచె చుట్టలు పెట్టుకుని పోలీసులు. ఇద్దరూ అందర్నీ ఆపేవారు. విద్యార్థులు ఆపితే ఆమె మాట్లాడేది. "అన్నా, గిది బండి కాదు, సాధన. బంద్ బందే, ప్రాక్టీస్ ప్రాక్టీసే" అనేది. వాళ్లు నా వైపు చూసేవారు, నేను నోరు తెరవకుండా నవ్వేదాన్ని. పోలీసులు ఆపితే నేను ముందుకు వచ్చేదాన్ని.

"ఎక్కడమ్మా మీది?" అనేవాడు ఒక ఎస్సై, మా వైపువాడే.

"తెనాలి దగ్గరండి."

"మరి ఈ అమ్మాయి?"

"మా బంధువులండి."

ఆమె అప్పుడు నోరు తెరవకుండా నవ్వేది. ఈ పద్ధతిలో మేం ఉద్యమాన్ని, ప్రభుత్వాన్ని ఇద్దర్నీ దాటుకుని ప్రతి బంద్‌కూ ఫ్లైఓవర్ చేరేవాళ్లం. కళ్లలో బాష్పవాయువు పడితే ఆమె తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని తొక్కేది. కొండల మీద ఊపిరి అందదు కదా, ఇది కూడా సాధనే అనేది. ఆమెకు అన్నీ సాధనే. నేను మాత్రం దగ్గుతూ, ఈ దేశాన్ని, ఈ సైకిల్‌ను, ఎం.ఫిల్‌ను కలిపి తిట్టేదాన్ని.

జూలైలో సాయంత్రాలు మా ఇంట్లో ఫ్రాన్స్ పందెం చూసేవాళ్లం. హాస్టల్లో టీవీ ఉంది, కానీ అందులో వార్తలు తప్ప ఇంకేం పెట్టనిచ్చేవారు కాదు. మా ముందుగదిలో సోఫా ఆమెకు ఇచ్చేసి నేను కింద కూర్చునేదాన్ని. అమ్మ పందెం కోసం కాదు, చర్చిల కోసం చూసేది. హెలికాప్టర్ నుంచి ఏదో పల్లెలో పాత చర్చి గోపురం చూపిస్తే "ఎంత బావుందో చూడండి, ఎంత శుభ్రమో" అనేది. రైడర్లు కొండ దిగుతుంటే మాత్రం కళ్లు మూసుకుని, వాళ్ల బ్రేకులు కాపాడమని పైకే ప్రార్థన చేసేది. ఆ ప్రార్థనలో వాళ్ల దేశం, పార్టీ ఏమీ ఉండేవి కావు.

నాన్నకు ఆ ఆట ఎప్పటికీ అంతుబట్టలేదు. "ముందున్నవాడు గెలుస్తున్నట్టేగా?" అని రోజూ అడిగేవాడు.

"లేదంకుల్" అని ఆమె రోజూ చెప్పేది. "గాయన గెలువడు. గాయన పనే ముందట తొక్కుడు. గాలంత గాయనకు కొడ్తది. ఎనకున్నడు చూడుండ్రి, గాయన లీడర్. ఆఖరికి కొండ మీద గాయన పోతడు. ఈయనకు దమ్మయిపోతది, పక్కకు జరుగుతడు, ఇగ ఎవ్వలు చూడరు."

"అంత కష్టపడి ముందు తొక్కితే మెడల్ వెనకవాడికా?"

"గంతే అంకుల్. నీళ్లు గూడ ఈయననే తెచ్చియ్యాలె."

నాన్న కాసేపు ఆలోచించి, మా ఆఫీసులోనూ ఇంతే అనేవాడు.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఎప్పుడైనా ఒక కొండ దశలో, శిఖరం మీద, ముందు ఎవరూ లేకుండా ఒంటరిగా గీత దాటాలి. పందెం మొత్తం గెలవక్కర్లేదు. ఒక్కరోజు, ఒక్క కొండ చాలు. ఈ మాట ఆమె నాతో ఫ్లైఓవర్ మీద, టీ బండి దగ్గర, మా వంటింట్లో, అన్నిచోట్లా చెప్పింది. పెళ్లి గురించి, ఉద్యోగం గురించి వేరే పిల్లలు మాట్లాడే గొంతుతో ఆమె దీని గురించి మాట్లాడేది. ఆడపిల్లలకు కొండల్లో రోజుల తరబడి సాగే పందెం మన దేశంలో అప్పటికి మేమెవ్వరం వినలేదు. అందుకని అది ఎక్కడ జరగాలో ఆమెకు కూడా తెలియదు.

ఆ చలికాలంలో అట్లాంటి పందెమే వచ్చింది. ఒక టీ కంపెనీవాళ్లు నీలగిరి కొండల్లో ఆడవాళ్లకు రోజుకో దశ చొప్పున ఐదు దశల పందెం పెడుతున్నారని తెలిసింది. రైల్వే టీమ్ వస్తుంది, అంటే సైకిల్ తొక్కడమే ఉద్యోగంగా జీతం తీసుకునే అమ్మాయిలు. బయటి దేశాల నుంచి కూడా రెండు జట్లు వస్తాయట. రాష్ట్రాల టీములూ ఉంటాయి. మన రాష్ట్రం టీమ్ ఎంపిక క్యాంపస్‌లోని సైకిల్ ట్రాక్ మీదే జరిగింది. బంద్‌ల వల్ల పదేపదే వాయిదా పడి, చివరికి ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా జరిపేశారు. ఆమె ఎంపికైంది. ఆ సాయంత్రం అమ్మ పాయసం చేసింది, నాన్న ఆమెకు చేయి కలిపాడు, నేను మోపెడ్‌కు దండ వేశాను.

మర్నాడు జెర్సీ ఇచ్చారు. పసుపు మీద ఎర్ర అక్షరాలు. ఛాతీ మీద ఆంధ్రప్రదేశ్, వీపు మీద ఆంధ్రప్రదేశ్. ఎక్కడైనా మర్చిపోతారేమోనని తొడ మీద కూడా.

క్యాంపస్‌లో గోడలన్నీ ఆ పేరుతో తెగదెంపులు చేసుకుంటున్న రోజులవి. ఆ జెర్సీ హాస్టల్‌కు తీసుకువెళ్లడమే ఎట్లా అని మేం తలపట్టుకున్నాం. అమ్మ మాత్రం దాన్ని చలి సమస్యగానే చూసింది. "నీలగిరిలో బాగా చలేస్తుందటమ్మా. పైన మా అమ్మాయి రెయిన్ కోటు వేసుకుని జిప్పు పైదాకా లాక్కో. ఇక నీ జెర్సీ మీద ఏముందో ఎవరికి తెలుస్తుంది?" అంది. అంతకన్నా మంచి పరిష్కారం మా ఎం.ఫిల్ క్లాసులో ఎవరికీ తట్టలేదు.

జెర్సీకి దారి దొరికింది కానీ అసలు గొడవ పని దగ్గర వచ్చింది. టీమ్ మేనేజర్ సార్ లీడర్‌గా విశాఖపట్నం అమ్మాయిని పెట్టారు. చిన్నపిల్ల, సన్నగా ఉంటుంది, కొండలు బాగా ఎక్కుతుందని పేరు. పందెంలో మంచి స్థానం వస్తే రైల్వేలో ఉద్యోగం ఇచ్చే అవకాశం ఆమెకు ఉందన్నారు. నా స్నేహితురాలి పని ఆమె ముందు గాలికి ఎదురు తొక్కడం, గుంపు వెనకాల వచ్చే టీమ్ జీపు దగ్గరికి వచ్చి నీళ్ల సీసాలు తీసుకువెళ్లి ఆమెకు అందించడం.

ఈ సంగతి హాస్టల్లో తెలిసింది. ఆమె గదిలో ఉండే అమ్మాయి ఆ హాస్టల్ ఉద్యమానికి నాయకురాలు, న్యాయశాస్త్రం చదువుతోంది, మైకు లేకుండానే మైకులో మాట్లాడినట్టు ఉంటుంది. నేను ఆరోజు గదిలోనే ఉన్నాను.

"ఏం ఇస్తవే ఆ పిల్లకు?" అంది.

"నీళ్లు."

"ఏంది?"

"నీళ్లే. సీసాలల్ల."

ఉద్యమం దేనికోసమో హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. వాటిలో మొదటి మాట నీళ్లు. నాయకురాలు గోడ వైపు చూసింది, ఈమె వైపు చూసింది, తర్వాత తప్పంతా నాదే అయినట్టు నా వైపు చూసింది. "మన నీళ్లు వాళ్లు కొంటబోయిండ్రని మేం రోడ్ల మీద లాఠీలు తింటున్నం. నువ్వు సీసాలల్ల నింపి, సైకిల్ మీద పెట్టుకోని, గుట్ట ఎక్కి మరీ ఇస్తవా?"

"గవి నీలగిరి నీళ్లు" అంది నా స్నేహితురాలు. "మనయి కావు."

ఆ వాదన చట్టప్రకారం బలమైనదే అని ఇప్పటికీ అనుకుంటాను. అయినా హాస్టల్లో ఒక సాయంత్రమంతా దీని మీద చర్చ జరిగింది. పోవద్దని కొందరు, పోయి ఆఖరి రోజు నీళ్లు ఇవ్వకుండా నిరసన తెలపాలని కొందరు, సైకిల్‌కు ఉద్యమ జెండా కట్టాలని కొందరు అన్నారు. జెండా కడితే గాలి ఆపుతుందని ఈమె ఒప్పుకోలేదు. చివరికి నాయకురాలు తేల్చింది. "పో. కానీ కొండ గెలిచి రా. గెలువకుంట, వాళ్లకు నీళ్లు మోసి వచ్చినవనుకో, ఈ గదిల నీకు జాగ లేదు." నవ్వుతూనే అంది. అది పూర్తిగా నవ్వులాట కాదని ముగ్గురికీ తెలుసు.

ఆడవాళ్ల టీమ్ వెంట ఒక మహిళ తోడు ఉండాలని నిబంధన. సైకిల్ సంఘంవాళ్లు వెతికిన టీచరమ్మలెవరూ సమ్మె రోజుల్లో ఊరు దాటడానికి ఒప్పుకోలేదు. నాకు టీచరమ్మ వయసు లేదు కానీ కళ్లజోడు ఉంది. సార్‌కు అది చాలింది. అట్లా నేను జీపులో కూర్చోవడానికి, ఆమె సైకిల్ తొక్కడానికి నీలగిరి కొండలకు బయల్దేరాం. సికింద్రాబాద్ స్టేషన్ వరకు రెయిన్ కోటు జిప్పు ఆమె గడ్డం దాకా ఉంది. రైలు కదిలాక కూడా తీయలేదు.

మొదటి మూడు దశలు నేను చూసింది ప్రధానంగా వీపులే. జీపు కిటికీలోంచి సీసాలు అందించడం నా పని. ఆమె గుంపు నుంచి వెనక్కి జారి వచ్చేది, ఒక చేత్తో కిటికీ పట్టుకుని ఇంకో చేత్తో సీసాలు తీసి, కోటు వెనక, జేబుల్లో, మెడ దగ్గర, దొరికిన చోటల్లా కుక్కుకునేది. తర్వాత ఆ బరువుతో మళ్లీ గుంపును అందుకుని ముందుకెళ్లి పంచేది. విశాఖ పిల్ల ప్రతి సీసాకూ తప్పకుండా థాంక్స్ చెప్పేదట. "గా థాంక్స్ జెప్పే టైముల ఇంకో గుక్క తాగచ్చు గదా" అని ఈమె రాత్రి నాతో విసుక్కుంది. కానీ ఆ పిల్లకు దుప్పటి చాలడం లేదని తనదే ఒకటి ఇచ్చి వచ్చింది. మూడో రోజుకు విశాఖ పిల్ల మొత్తం మీద మూడో స్థానంలో ఉంది. మావాళ్లలో ఎవరూ అంత పైకి వస్తారని అనుకోలేదు. సార్ గొంతు సంతోషంతో అరిచి అరిచి పూర్తిగా పోయింది.

నాలుగో దశ పెద్ద ఘాట్. అడవి అంచు నుంచి మొదలై, మలుపు మీద మలుపుగా, ఎక్కడా చదును లేకుండా పైన టీ తోటల దాకా వెళుతుంది. ఆరోజు పొద్దున సార్ చెప్పిన పథకం ప్రకారం నా స్నేహితురాలు సగం కొండ వరకు లీడర్ ముందు తొక్కాలి, తర్వాత పక్కకు తప్పుకోవాలి. ఆమె తొక్కడం మొదలుపెట్టింది. మలుపులు గడుస్తుంటే గుంపు చెదిరిపోయింది. బయటి దేశం అమ్మాయిలు ఒక్కొక్కరే వెనకబడ్డారు. రైల్వే అమ్మాయిలు ఇద్దరు కాసేపు ఆమె చక్రం వెనక నిలిచి వదిలేశారు. అప్పుడు ఆమె ముందు రోడ్డు తప్ప ఇంకేమీ లేదు. నేను జీపులోంచి చూస్తున్నాను. ఆమె భుజాలు అసలు ఊగడం లేదు. ఫ్లైఓవర్ మీద నేను ఇన్ని నెలలు చూడలేనిది అదే, ఎందుకంటే నేను ఎప్పుడూ ముందున్నాను. ఎంత బాగా తొక్కుతుందో నాకు ఆరోజు వరకు తెలియదు.

ఆమె వెనక విశాఖ పిల్ల కూడా లేదు. చలికి కడుపులో తిప్పి, రెండు మలుపుల కింద వాంతి చేసుకుని, పడుతూ లేస్తూ వస్తోంది. ఇట్లాగే వదిలేస్తే మూడో స్థానం పోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది. ముందు ఒకరు గాలి కాసి లాక్కొస్తే నిలుస్తుంది. సార్ నా భుజం తట్టి, లేని గొంతుతో, ఆగమని చెప్పమన్నారు. జీపును ఆమె పక్కకు తీసుకువెళ్లారు.

నేను చెప్పలేదు. ఆమే నా ముఖం చూసి అడిగింది, ఊపిరి మధ్యలో. "ఏమంటుండు సారు?"

"ఆగమంటున్నారు. ఆ పిల్లకు బాగాలేదు."

"నువ్వేమంటవ్?"

"నేనైతే ఆగను" అన్నాను. సార్ పక్కనే ఉన్నారు. అయినా అన్నాను. "నీ కొండ. పో."

ఆమె నవ్వింది. పళ్లన్నీ కనపడేలా నవ్వి రెండు తొక్కులు బలంగా వేసింది. తర్వాత మలుపు వచ్చింది. ఆ మలుపు దగ్గర రోడ్డు మొత్తం కిందికి కనపడుతుంది. ఆమె తల తిప్పి కిందికి చూసింది. కింద ఆ సన్నపిల్ల రోడ్డుకు ఈ చివర నుంచి ఆ చివరకు వంకరటింకరగా తొక్కుతోంది, పక్క నుంచి మిగతా టీముల బళ్లు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. నా స్నేహితురాలు కాలు కింద పెట్టి ఆగిపోయింది.

నేను జీపులోంచి అరిచాను. ఏం అరిచానో రాయడానికి బాగోదు. ఆమె వినలేదు, లేదా విని పట్టించుకోలేదు. సైకిల్‌కు ఆనుకుని నిలబడింది. రైల్వే అమ్మాయిలు ఇద్దరూ ఆమెను దాటిపోయారు. బయటి దేశం పిల్ల ఒకతి దాటిపోయింది. విశాఖ పిల్ల చేరాక ఆమె నా రెయిన్ కోటు విప్పి ఆ పిల్లకు తొడిగింది, ఏదో చెప్పింది, మళ్లీ ఎక్కి ముందు తొక్కడం మొదలుపెట్టింది. పైదాకా అట్లాగే తొక్కింది. గీత దగ్గర పక్కకు జరిగి ఆ పిల్లను ముందు దాటనిచ్చింది. మొత్తం మీద మూడో స్థానం నిలిచింది. ఐదో రోజు దాన్ని పోగొట్టడానికి ఎవరికీ వీలు కాలేదు.

తిరుగు రైల్లో ఆమె పడుకునే ఉంది. నాకు కోపం, ఆమె మీద, సార్ మీద, ఆ పిల్ల కడుపు మీద. ఆ పిల్ల మాత్రం ప్రతి స్టేషన్‌లోనూ దిగి "అక్కా, టీ తెమ్మంటావేటి?" అని అడుగుతూనే ఉంది. ఆమె వద్దంటూనే ఉంది.

మేం క్యాంపస్ చేరేసరికి హాస్టల్ ముందు డప్పులు మోగుతున్నాయి. మాకు కాదేమో అనుకున్నాం. గేటు దగ్గర బ్యానర్ మీద ఒక ఫొటో పెద్దది చేసి అంటించారు. ఏదో పత్రిక ఆటల పేజీలో పడిన ఫొటో. ఘాట్ మీద నా స్నేహితురాలు ముందు, విశాఖ పిల్ల ఆమె చక్రం వెనక. వంగి తొక్కడం వల్ల ఛాతీ మీద అక్షరాలు కనపడలేదు, పెద్దది చేయడంతో తొడ మీదివి అలుక్కుపోయాయి. వెనకున్న పిల్ల నా కోటులో ఉంది. ఆంధ్ర పిల్లను వెనకకు నెట్టిన మన ఆడబిడ్డ అని బ్యానర్ మీద రాశారు. సైకిల్ పందెంలో ముందున్న మనిషి పనిమనిషి అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మా నాన్నకు జూలై అంతా చెప్పినా ఎక్కలేదు కాబట్టి నేను వాళ్లను ఏమీ అనను.

దండ వేశారు. గులాల్ చల్లారు. నాయకురాలు ఆమెను కావలించుకుని ఏడ్చేసింది. నేను ఆమె చెవిలో "ఏం మాట్లాడకు. దండ వేసుకుని లోపలికి పో" అన్నాను. గదిలో జాగ దక్కింది, ఇంకేం కావాలి? కానీ ఎవరో మైకు ఆమె చేతిలో పెట్టారు.

ఆమెకు మైకు అలవాటు లేదు. నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది. "నేను గెలువలేదు" అంది. జనం చప్పట్లు కొట్టారు, వినయం అనుకుని. "ముందున్న, గానీ ఆగిన. గా పిల్ల కోసం ఆగిన. గా ఫొటోల నేను గామెను గుంజుకపోతున్న. నీళ్లు గూడ ఇచ్చిన." చప్పట్లు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. "ఆగకపోతే గామె ఒక్కతే అయితుండె" అని మైకు తిరిగి ఇచ్చేసింది.

డప్పువాళ్లు ఇప్పుడు కొట్టాలా వద్దా అని ఒకరినొకరు చూసుకున్నారు. నాయకురాలు మైకు తీసుకుంది. మన చెల్లె బాగా అలసిపోయిందని, అందరూ రేపటి రైల్ రోకోకు పొద్దున్నే సిద్ధం కావాలని ప్రకటించింది. జనం మెల్లగా కదిలారు. కొందరు ఆమె పక్కనుంచి చూడకుండా వెళ్లారు. ఒకమ్మాయి గులాల్ పొట్లం మిగిలిందని వెనక్కి తీసుకువెళ్లింది. బ్యానర్ మాత్రం విప్పడం మర్చిపోయారు.

ఆమె హాస్టల్ మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. అంతమందిలో తెనాలి మనిషిని నేనొక్కదాన్నే. ఒక్కతే అవడమంటే ఏమిటో నాకు ఎవరూ వివరించక్కర్లేదు. కొండ మీద ఆగవద్దని అరిచిన మనిషిని కూడా నేనే. ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

కాసేపటికి నాయకురాలు వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. "ముంగట ఎవ్వలు లేకుండ్రి గదనే" అంది. మైకు గొంతు కాదు, మామూలు గొంతు. "ఎందుకాగినవ్? నీకు గెలువాలని లేకుండెనా?"

"మస్తుండె" అంది నా స్నేహితురాలు. అప్పుడు ఆమె ముఖం చెదిరిపోయింది. మోకాళ్లలో తల పెట్టుకుని, వెక్కుతూ, మాటలు ముక్కలు ముక్కలుగా చెప్పింది. "నాకు మస్తుండె గెలువాలని. ఎనకకు మర్లి చూసిన. చూడకుంట పోయేదుండె."

నాయకురాలు పక్కన కూర్చుని, ఆమె జుట్టులో ఇరుక్కున్న బంతి రేకులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

"వచ్చే ఏడు చూడకు" అంది.

"చూడ" అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

మరుసటి ఏడాది ఆ టీ కంపెనీ పందెం పెట్టలేదు. ఆ తర్వాత కూడా, ఆమె తొక్కగలిగినంత కాలంలో, ఆడవాళ్లకు కొండల్లో అట్లాంటి పందెం ఎవరూ పెట్టలేదు.